తొలి జెర్రీమాండర్ ఇదేనా? 1789 నాటి వర్జీనియా ఐదో నియోజకవర్గం

అమెరికా తొలి కాంగ్రెస్ కోసం వర్జీనియా ఐదో నియోజకవర్గంలో 1789 ఫిబ్రవరి 2న పోలింగ్ జరిగింది. ప్రత్యర్థులు జేమ్స్ మాడిసన్, జేమ్స్ మన్రో. ఇద్దరూ తరవాత అధ్యక్షులైనవారే. రాజ్యాంగ సమర్థకుడైన మాడిసన్‌ను ఓడించడానికే, శాసనసభలో పట్టున్న రాజ్యాంగ వ్యతిరేకి ప్యాట్రిక్ హెన్రీ సరిహద్దులు గీయించాడన్నది వాడుకలో ఉన్న కథనం. దీన్ని తొలి 'జెర్రీమాండర్' (ఒక పక్షానికి మేలు జరిగేలా నియోజకవర్గాలను గీయడం) అనేవారూ ఉన్నారు. ఆ మాట పుట్టింది మాత్రం 1812లో, మసాచుసెట్స్‌లో, అదీ రాష్ట్ర సెనేట్ స్థానాల విషయంలో. (ఆ మాటకు పేరిచ్చిన గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ మరుసటి ఏడాది మాడిసన్‌కే ఉపాధ్యక్షుడయ్యాడు.)

1. మాడిసన్ పట్ల హెన్రీ వ్యతిరేకతకు ఆధారం గట్టిదే. 1788 నవంబరులో శాసనసభ ఇద్దరు సెనేటర్లను ఎన్నుకున్నప్పుడు రిచర్డ్ హెన్రీ లీకి 98, విలియం గ్రేసన్‌కు 86, మాడిసన్‌కు 77 ఓట్లు వచ్చాయి. పైగా, అభ్యర్థి ఏడాదిగా ఆ నియోజకవర్గంలోనే నివసిస్తూ ఉండాలని అదే సభ షరతు పెట్టింది. రాజ్యాంగం అడిగింది రాష్ట్రంలో నివాసం మాత్రమే. ఆరెంజ్ కౌంటీవాడైన మాడిసన్‌కు మరోచోట నిలబడే దారి దీంతో మూసుకుపోయింది. ఉద్దేశం బయటపడేది సరిహద్దుల్లో కన్నా ఈ షరతులోనే అనిపిస్తుంది.

2. సరిహద్దుల సాక్ష్యం అంత తేటగా లేదు. నియోజకవర్గంలోని ఎనిమిది కౌంటీల్లో ఐదింటి ప్రతినిధులు 1788 జూన్‌లో రాష్ట్ర రాజ్యాంగ ఆమోద సభలో రాజ్యాంగాన్ని వ్యతిరేకించారు; ఆరెంజ్, అల్బెమార్ల్ సమర్థించాయి; లూయిసా ప్రతినిధులు చెరోవైపు నిలిచారు. పైకి ఇది కుట్రలాగే కనిపిస్తుంది. అయితే రాష్ట్రం మొత్తంమీద తేడా 89–79 మాత్రమే. అలాంటిచోట ఇరుగుపొరుగు కౌంటీలను కలిపితే ఈ పొందిక దానంతటదే వచ్చి ఉండవచ్చు. 2011లో థామస్ రోజర్స్ హంటర్ రాసిన పరిశోధన వ్యాసం కూడా జెర్రీమాండర్ వాదాన్ని అంగీకరించలేదు.

3. అసలు చిక్కు ఓట్ల లెక్కలో ఉంది. మాడిసన్‌కు 1,308, మన్రోకు 972. గూచ్‌లాండ్‌లో మన్రో గెలిచింది ఒక్క ఓటుతో, 133–132. ఆరెంజ్‌లో మాడిసన్‌కు 216, మన్రోకు 9. కల్పెపర్‌లో 256, 103. ఈ రెండు కౌంటీలను పక్కనపెడితే మాడిసన్ 836–860తో వెనకబడతాడు. కల్పెపర్ ప్రతినిధులేమో రాజ్యాంగాన్ని వ్యతిరేకించినవారు! కాబట్టి ప్రతినిధుల ఓటునుబట్టి ఓటర్ల మొగ్గును అంచనా వేయడం, కనీసం ఈ కౌంటీ విషయంలో, పొరపాటే. అక్కడివారు మొదటినుంచీ అనుకూలురా, లేక హక్కుల సవరణలకు మాడిసన్ ఇచ్చిన హామీతో మారారా అన్నది అంకెలు చెప్పవు.

ఇక్కడ మాడిసన్ సన్నిహితుడైన నికొలస్ ట్రిస్ట్ 1827లో నమోదు చేసిన ఆయన మాటలు కొంత పనికొస్తాయి. 38 ఏళ్ల తరవాతి జ్ఞాపకం గనుక ప్రతి వివరాన్నీ నమ్మనక్కరలేదు. కల్పెపర్‌లోని జర్మన్లు సాధారణంగా ఒక్కమాటమీద ఉండేవారని, తూకాన్ని అటో ఇటో మొగ్గించగలరని మాడిసన్ అన్నాడట. వారి చర్చి దగ్గర, ప్రార్థనా, ఫిడేళ్ల సంగీతమూ అయ్యాక, ఇద్దరు అభ్యర్థులూ మంచులో వాదించుకున్నారు. ఆ రాత్రి పన్నెండు మైళ్లు గుర్రంమీద వెళ్తుంటే చలికి ముక్కు దెబ్బతిందంటూ మాడిసన్ ముక్కు కొసన, ఎడమవైపున్న మచ్చను చూపించాడని ట్రిస్ట్ రాసుకున్నాడు.