పుట త్రిప్పు చోటు

రేడియోలో కచేరి వినునప్పుడు శ్రోతల చెవిని పడగూడని ధ్వని యొకటి కలదు. అది కాగితపు చప్పుడు. సభలో విద్వాంసుడు పుస్తకము పుట త్రిప్పినచో నెవ్వరును గమనింపరు. మైకు ముందట నా చప్పుడు పాటతో కూడ ఇంటింటికిని చేరును. కావున స్టూడియోలో పనిచేయు మాకు ఇది చిన్న విషయముగా తోచదు. వాయించు చేయి ఆగక, తాళము తప్పక పుట త్రిప్పుట యెట్లు? ఈ ప్రశ్నకు చాల చరిత్ర యున్నది.

మన పూర్వుల కీ చిక్కు లేదు. తాటాకు గ్రంథమున ఆకు పొడవైనది, వెడల్పు కొద్ది వ్రేళ్ల మాత్రమే. దారమునకు గ్రుచ్చిన ఆకును త్రిప్పుటకు రెండు చేతులును కావలయును. వీణ పట్టినవాని కది సాధ్యము కాదు. పాట నోటికి రావలసినదే. తాళ్లపాకవారి పదములను రాగిరేకులపై చెక్కించినప్పుడు సయితము పాటకు రాగము పేరు వ్రాసిరే కాని స్వరము వ్రాయలేదు. వరుస గురుముఖమున నిలుచునని వారి నమ్మకము కాబోలు. రేకులు తిరుమలలో భద్రముగ నిలిచినవి, వరుసలు నిలువలేదు. 20వ శతాబ్దమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు వానికి క్రొత్తగా వరుసలు కూర్పవలసి వచ్చెను. నోటికి వచ్చిన పాటకు పుట త్రిప్పు బాధ లేదు. కాని పాడు నోరు మూగవోయినచో ఆ పాటను తిరిగి పలికించునది స్వరలిపి యొక్కటే.

ఈ సంగతి నెరిగిన వారిలో చిన్నస్వామి మొదలియారు ఒకరు. ఆయన 1893లో మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో ప్రకటించెను. పిమ్మట సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురమున ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో అచ్చు వేయించెను. ఆ గ్రంథమున స్వరములతో పాటు గమకములకును గుర్తు లున్నవి. మొత్తము సుమారు 1700 పుటలు. గురువు నోటనుండి వినవలసిన గమకము కంటికి కనబడినది. దానితోడనే పుట త్రిప్పు చిక్కును మన యింటికి వచ్చినది.

పాశ్చాత్యులు ఈ చిక్కును ముందే యెరుగుదురు. పియానో వాయించువాని ప్రక్కన పుట త్రిప్పుటకే యొక మనిషి కూర్చుండును. వాద్యబృందమున ఇద్దరు వయొలిన్ వాద్యకుల కొక్క పుస్తకముండును. ఒకరు పుట త్రిప్పునంతసేపు రెండవవారు వాయించుచుందురు. నేర్పరియైన ముద్రాపకుడు వాద్యమునకు విరామము వచ్చు చోటనే పుటను ముగించును. నడచుచు వాయించు సైనిక బ్యాండులో చిన్న అట్టపై వ్రాసిన సంగీతమును వాద్యమునకే తగిలింతురు. పాట ఆ అట్టలో ఇమిడిన త్రిప్పు పనియే లేదు. కిషన్‌బాగ్ వంటి పాతబస్తీ పేటలలో పెండ్లి ఊరేగింపు ముందు నడచు బ్యాండువారికి సాధారణముగ ఆ అట్టయు నక్కరలేదు. వారి పాట వారి చెవిలోనే యుండును.

మన కృతిలో అట్టి విరామములు అరుదు. గాయకుని కుడిచేయి తాళము వేయుచుండును, ఎడమచేయి మాత్రము ఖాళీ. వయొలిన్, వీణ వాయించువారికి అదియు లేదు. అయినను మన సంగీతమున ఒక సౌకర్యము కలదు. అనుపల్లవి ముగిసిన పిదపను, చరణము ముగిసిన పిదపను పల్లవిని మరల అందుకొందుము. పల్లవి మొదట నేర్చినది, కంఠస్థమైనది. అది పాడునప్పుడు కంటికి పని లేదు. పుట త్రిప్పవలసినచో త్రిప్పదగిన చోటదియే.

అచ్చు పుస్తకములలో ఈ వివేకము తరచుగా కానరాదు. ఆవర్తము నడుమ పుట ముగియును. నేర్చుకొను బాలిక కన్ను పుట వెంబడి పోవును, తాళము చేతినుండి జారును. తప్పు బాలికది కాదు, పుట కూర్చినవానిది. మన స్వరలిపి అక్షరములతో వ్రాయునది గావున చోటు తక్కువ పట్టును. ఎడమ పుటపై ఆరంభించినచో పెక్కు కృతులు ఎదురెదురు పుటలలోనే ముగియును. స్టూడియోకు వచ్చువారు ఒక ప్రక్కనే వ్రాసిన దళసరి కాగితములను వరుసగ పరచుకొన్నచో చప్పుడును ఉండదు.

నేడు యంత్రములును వచ్చినవి. 2012లో బ్రస్సెల్స్ ఫిల్‌హార్మొనిక్ వాద్యబృందము కాగితములను విడిచి విద్యుత్ పలకలను చూచి వాయించెను. పాదముతో మీట నొక్కిన పుట మారును. కుర్చీపై కూర్చుండు వారికది మేలే. బాసింపట్టు వేసికొని నేలపై కూర్చుండు మన విద్వాంసునికి పాదము ఖాళీగా నుండదు! మన చిక్కునకు మన సంగీతమునుండియే ఉపాయము వెదకవలయును.

స్వరపుస్తకము వ్రాయువారికిని, అచ్చు వేయువారికిని మా మనవి యొక్కటే. పుట ఎచ్చట ముగియవలయునో కాగితపు కొలతను బట్టి కాక పాటను బట్టి నిర్ణయింపుడు. పుస్తకము పాటను కాపాడవలయును, పాడువానికి అడ్డు రాగూడదు.