ఖాళీ తూటా ఎవరి సొత్తు?

ఇత్తడి కనబడితే చాలు, మా తరం ఆడవాళ్ళకి నడుము దానంతటదే వంగుతుంది. చింతపండు పెట్టి బిందెలు తోమిన చేతులు కదా! పాత గంగాళం ఇచ్చేసి నాలుగు స్టీలు డబ్బాలు తెచ్చుకున్నానని మా అమ్మ నన్ను ఏళ్ళ తరబడి సాధించింది. "ఇత్తడి ముక్కైనా ఊరికే పోదే, తూకానికైనా పనికొస్తుంది" అనేది. ఆ మాట ఒంటబట్టే కాబోలు, అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు పదిమందిలో పరువు పోగొట్టుకోబోయాను.

మా అల్లుడికి సెలవు రోజుల్లో తుపాకీతో గురి కొట్టడం సరదా. "అదేం సరదా నాయనా, పోనీ పేకాటైనా నయం" అన్నాను. "ఒక్కసారి వచ్చి చూడండి అత్తయ్యా, తర్వాత తిడుదురుగాని" అని తీసుకెళ్ళాడు. చెవులకి డిప్పలూ కళ్ళకి అద్దాలూ తగిలించి వెనక బల్ల మీద కూర్చోబెట్టాడు. ముందు వరసగా నిలబడి కాలుస్తున్నారు. ప్రతి పేలుడుకీ తుపాకీ పక్కనుంచి బంగారు రంగు గొట్టం ఒకటి ఎగిరి నేలమీద పడుతోంది. అందులో ఒకటి దొర్లుకుంటూ సరిగ్గా నా చెప్పు దగ్గరికే వచ్చి ఆగింది. ఇంకేం, వంగాను. అల్లుడు గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. కాల్పులు ఆగాక చెవి డిప్ప తీసి మెల్లగా అన్నాడు: "అది మనది కాదు అత్తయ్యా. పక్కాయనది."

కాల్చి పారేసిన దానికి కూడా మనదీ పక్కాయనదీనా! ఆశ్చర్యపోయాను గానీ, తర్వాత విని చూస్తే ఆ ఏరుకోవడానికి పెద్ద మర్యాదే ఉంది. కాల్పులు జరుగుతుండగా గీత దాటి ఒక్క అడుగు వెయ్యకూడదు, ముందు ఎంత మెరుస్తున్నా సరే. అందరూ తుపాకులు ఖాళీ చేసి కింద పెట్టాక, సరే అన్నాకే వెళ్ళాలి. ఎవరు కాల్చినవి వాళ్ళవి. మనది ఎగిరి పక్కవాడి చోట పడితే, అతని గురి చెడకుండా ఆగి, అడిగి తీసుకోవాలి. అతను వదిలేసి వెళ్ళేలా ఉన్నా "మీకు అక్కర్లేదాండీ?" అని అడగందే చెయ్యి వెయ్యకూడదు. కొన్నిచోట్ల నేలమీద వదిలేసినవన్నీ ఆ స్థలం నడిపేవాళ్ళవే. అమ్ముకుని ఖర్చులకి వాడుకుంటారు. డబ్బాలో వేసినవి ఇక వాళ్ళ సొత్తే. ఇంటికొచ్చాక చేతులు శుభ్రంగా కడుక్కోనిదే ఏమీ తినకూడదు, సీసం అంటుకుని ఉంటుంది కనక. గోడకి ఇవతల పడ్డ పక్కింటి మామిడికాయ గురించి మనకి ఇన్ని నియమాలు ఉండుంటే ఎన్ని తగువులు తప్పేవో!

ఇంతకీ ఆ గొట్టానికి అంత విలువ ఎందుకొచ్చింది? దానికో కథ ఉంది. కథ మన దేశాన్ని కూడా తాకుతుంది.

ఒకప్పుడు తూటా అంటే కాగితం పొట్లమే. మందూ గుండూ కలిపి చుట్టిన పొట్లం. సిపాయి దాన్ని పళ్ళతో చింపి, మందు గొట్టంలో పోసి, గుండు దిగగొట్టి కాల్చేవాడు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాలకి పూసిన కొవ్వు ఆవుదీ పందిదీ అన్న మాట 1857 జనవరిలో కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో పుట్టి, ఎంత దూరం పాకిందో మనం చిన్నప్పుడే చదువుకున్నాం. ఆ పొట్లం కాలిస్తే ఏరుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

తర్వాత పదేళ్ళు తిరక్కుండానే కాగితం స్థానంలోకి లోహం వచ్చింది. ఇత్తడే ఎందుకు? మన ప్రెషర్ కుక్కర్ గుర్తు చేసుకోండి. గ్యాస్కెట్ సరిగ్గా బిగుసుకుంటేనే ఆవిరి బయటికి పోకుండా ఉంటుంది. తూటా తొడుగు చేసేదీ అదే పని. మందు పేలగానే తొడుగు ఉబ్బి తుపాకీ గోడలకి అతుక్కుంటుంది, పొగా నిప్పూ వెనక్కి రాకుండా ఆపుతుంది. మరుక్షణం కాస్త ముడుచుకుని సులువుగా బయటికి వచ్చేస్తుంది. ఉబ్బి ఊరుకుంటే చాలదు, ముడుచుకోవాలి కూడా. వట్టి రాగి మెత్తన. నూటికి 70 పాళ్ళు రాగిలో 30 పాళ్ళు జింకు కలిపితే ఆ గుణం వస్తుంది. అదే తూటా ఇత్తడి.

తొడుగు అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ ఉంటుంది. దాన్ని రెండు పద్ధతుల్లో అమర్చారు. ఇంగ్లండులో ఊలిచ్ ఆయుధాల కర్మాగారపు అధికారి బాక్సర్‌ది ఒక పద్ధతి, అమెరికాలో బెర్డాన్‌ది ఇంకో పద్ధతి. రెండూ 1866 నాటివే. చిత్రమేమిటంటే ఇంగ్లీషాయన పద్ధతి అమెరికాలో స్థిరపడింది, అమెరికా ఆయనది ఐరోపాలో చెల్లింది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! బాక్సర్ తొడుగుకి అడుగున నడిమధ్య ఒకటే చిల్లి. సన్నని చువ్వతో పొడిస్తే కాలిన టోపీ ఊడి వస్తుంది. తొడుగుని అచ్చులో నొక్కి మళ్ళీ కొలతకి తెచ్చి, కొత్త టోపీ, మందు, గుండు పెట్టుకుంటే మళ్ళీ తూటా. బెర్డాన్ తొడుగుతో అంత తేలిగ్గా కుదరదు. అందుకే అమెరికాలో ఇంట్లోనే తూటాలు నింపుకునే అలవాటు బాగా పాకింది. ఒక్కో తొడుగు ఎన్నోసార్లు పనికొస్తుంది. మా అల్లుడి గరాజులో, మనం పచ్చడి జాడీలు పెట్టుకున్నట్టు, తొడుగులు సైజుల వారీగా సీసాల్లో ఉన్నాయి.

ఇంతవరకూ ఇది లాభనష్టాల మర్యాద. ఇంతకంటే పెద్ద మర్యాద ఒకటుందని ఆ వేసవిలోనే తెలిసింది.

ఎల్లోస్టోన్ చూసి వస్తూ మోంటానాలో లిటిల్ బిగ్‌హార్న్ అనే చోట ఆగాం. గాలికి ఊగే గడ్డి గుట్టలు, వాటి మీద తెల్ల రాళ్ళు. 1876 జూన్ 25న కస్టర్ అనే సేనాని తన అశ్వికదళంతో లకోటా, షయాన్ తెగల పెద్ద గూడెం మీదికి వెళ్ళాడు. అతని వెంట ఆ గుట్టల మీద ఉన్న రెండు వందల పైచిలుకు సైనికుల్లో ఒక్కడూ మిగల్లేదు. ఆ తర్వాత బొమ్మల్లోనూ సినిమాల్లోనూ కథ ఒకటే: గుట్ట మీద వీరుడు, చుట్టూ చివరిదాకా పోరాడిన మనుషులు. గెలిచిన తెగలవాళ్ళు చెప్పింది మాత్రం చాలామంది చెవిన పెట్టలేదు. వాళ్ళలో కేట్ బిగ్‌హెడ్ అనే షయాన్ స్త్రీ కూడా ఉంది. పోరులో ఉన్న మేనల్లుణ్ణి వెతుక్కుంటూ గుర్రమెక్కి ఆ చుట్టూ తిరిగి కళ్ళారా చూసిన మనిషి. యోధులు గడ్డిలోనూ పల్లాల్లోనూ నక్కి, పాక్కుంటూ దగ్గరికి వచ్చారని 1920లలో థామస్ మార్క్విస్ అనే డాక్టరుకి చెప్పింది.

1983 ఆగస్టులో అక్కడ గడ్డి తగలబడి నేల బయటపడింది. 1984, 85లలో డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అనే పురావస్తు పరిశోధకులు ఆ నేలని వెతికించారు. ఆ వెతకడం ఎలాగో వినండి. స్వచ్ఛంద సేవకులు లోహం పసిగట్టే పరికరాలు పట్టుకుని వరసగా నడుస్తారు. చప్పుడైన చోట చిన్న జెండా గుచ్చి ముందుకి సాగాలి, అంతే. ముట్టుకోకూడదు! వెనకాల వచ్చేవాళ్ళు మట్టి తీస్తారు, కదపరు. ఆ తర్వాతివాళ్ళు ఎక్కడ పడుందో కొలిచి రాసుకున్నాకే తొడుగు సంచీలోకి వెళ్తుంది.

ఎందుకంత జాగ్రత్తంటే, ప్రతి తుపాకీ తన తొడుగు మీద వేలిముద్రలాంటి గుర్తు వేస్తుంది. ఒకే తుపాకీ గుర్తున్న తొడుగులు ఇక్కడ రెండు, అల్లంత దూరాన మూడు దొరికితే, దాన్ని పట్టుకున్న మనిషి అటు నడిచాడన్నమాట. అలా కలుపుకుంటూ పోతే నూరేళ్ళ కిందటి పోరు నేలమీద మళ్ళీ నడిచింది. తెగలవాళ్ళ చేతుల్లో అనుకున్నదాని కంటే ఎక్కువ తుపాకులు, వరసగా పేల్చగలిగేవి కూడా, ఉన్నాయని తేలింది. సైనికుల మెత్తటి రాగి తొడుగులు తుపాకీల్లో ఇరుక్కుపోబట్టే ఓడిపోయారని ఒక సాకు ఉండేది. పెకలించిన గీతలున్న తొడుగులు కొద్దిగానే దొరికాయి. సైనికుల వరసలు చెదిరిపోయాయనీ, ఆ బొమ్మల కథ కంటే తెగలవాళ్ళ మాటలే నేలకి దగ్గరగా ఉన్నాయనీ ఫాక్స్ రాశాడు. మనుషులు చెబితే నమ్మనిది తొడుగులు చెబితే నమ్మారు.

అక్కడ ఇప్పుడు ఏదీ ఏరుకోకూడదు, చట్టం ఒప్పదు. కానీ అంతకుముందు ఎన్ని ఏళ్ళపాటు ఎంతమంది చూడ్డానికి వచ్చి జ్ఞాపకానికని ఒక్కొక్కటి జేబులో వేసుకుపోయారో! ఒక్కొక్కటీ ఒక సాక్షి. ఆ గడ్డి మధ్య నిలబడి ఆ మాట అనుకోగానే నా గుండె కలుక్కుమంది. ఎందుకో చెబుతాను.

కాలేజీలో నేను ఎన్.సి.సి.లో ఉండేదాన్ని. ఏడాదికోసారి ఫైరింగ్ ఉండేది. పాయింట్ టూటూ రైఫిలు, మనిషికి ఐదు తూటాలు, బోర్లా పడుకుని కాల్చాలి. కాల్చిన తొడుగులని హవల్దారు ఉస్తాద్ 'ఖోఖా' అనేవాడు. ఐదు ఇస్తే ఐదు ఖోఖాలు లెక్కకి తిరిగి రావాలి. ఆ చిన్న తొడుగుని మళ్ళీ నింపుకోవడం కుదరదు, నిప్పు మందు దాని అంచులోనే ఉంటుంది. అమెరికాలోనైతే దాన్ని ఎవరూ ఏరుకోరు, ఊడ్చేస్తారు. కానీ మా ఉస్తాద్‌కి అది రసీదు. తూటా ఇక్కడే కాలింది, ఇంకెవరి చేతికీ పోలేదనడానికి అదే రుజువు.

నేను ఒకటి మేజోడులో దాచాను. తమ్ముడికి చూపిద్దామని. అంతే, ఇంకే దురుద్దేశమూ లేదు.

లెక్కలో ఒకటి తగ్గింది. ఎండలో అందరం గడ్డి పరకలు విడదీసుకుంటూ వెతికాం. నా పక్కన పడుకుని కాల్చిన అమ్మాయి మీద అనుమానం వచ్చింది. జేబులు రెండుసార్లు తిరగేయించారు. పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. నాకు కాళ్ళు వణికాయి. చివరికి ఎవరూ చూడకుండా గడ్డిలో జారవిడిచి, "దొరికింది ఉస్తాద్!" అని అరిచాను. "శాబాష్ బేటీ!" అన్నాడు ఆయన. ఆ అమ్మాయి పరుగున వచ్చి నన్ను కావలించుకుంది. తన జడలోని కనకాంబరాలు తుంచి నా జడలో పెట్టింది. నేను పెట్టించుకున్నాను.

ఆ సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. మా వారికి కూడా.

తిరిగి వచ్చే ముందు అల్లుడు తను కాల్చిన తొడుగు ఒకటి తళతళా తోమి నా చేతిలో పెట్టాడు. "ఇది మనదే అత్తయ్యా, జ్ఞాపకంగా ఉంచుకోండి" అన్నాడు. కాసేపు అరచేతిలో తిప్పి చూసి, మళ్ళీ అతని సీసాలోనే వేసేశాను. ఖాళీ తొడుగైనా సరే, సామాన్లలో కనబడితే మన విమానాశ్రయంలో జవాబు చెప్పుకోవాలన్నాను. నిజమైన కారణం అది కాదు.

ఆ అమ్మాయి, ఇప్పుడు ఏ ఊళ్ళో ఎవరికి అమ్మమ్మో నాయనమ్మో, ఈ పేజీ చదువుతుంటే ఒక్క మాట. ఆ రోజు ఖోఖా గడ్డిలో లేదమ్మా. నా దగ్గరే ఉంది.