చిన్న కార్యాలయాల సర్వర్ లైసెన్సు: లెక్క చేతులు మారిన చరిత్ర

సాఫ్ట్‌వేరుకు విడిగా ధర కట్టి అమ్మడం కంప్యూటరు వాణిజ్యంలో మొదటి నుంచీ ఉన్న ఆచారం కాదు. 1960ల చివరి దాకా ఐబీఎం యంత్రాన్ని అద్దెకిస్తూ, దాన్ని నడిపే ప్రోగ్రాములనూ నిపుణుల సేవలనూ ఆ అద్దెలోనే కలిపి ఇచ్చేది. అమెరికా న్యాయశాఖ 1969 జనవరిలో ఆ సంస్థపై గుత్తాధిపత్య వ్యతిరేక దావా వేసింది. అదే ఏడాది జూన్ 23న ఐబీఎం కొన్ని ప్రోగ్రాములకు వేరుగా ధర నిర్ణయిస్తున్నట్టు ప్రకటించింది. దావా ఒక్కటే అందుకు కారణమని చెప్పలేం గాని, లైసెన్సు, అంటే సాఫ్ట్‌వేరును సొంతం చేసుకోవడం కాకుండా ఫలానా షరతులకు లోబడి వాడుకునే అనుమతి, విడి సరుకుగా స్థిరపడటానికి ఆ ప్రకటన దారి వేసింది.

1980లలో చిన్న కార్యాలయాల్లోకి నెట్‌వర్కులు వచ్చాక ఆ అనుమతిని దేనితో కొలవాలన్న చిక్కు మొదలైంది. ఫైళ్లను, ప్రింటర్లను అందరికీ పంచే సర్వర్‌లో ప్రోగ్రాము ఒక్కటే ఉంటుంది, దాన్ని ఆశ్రయించేవారు మాత్రం అయిదుగురూ కావచ్చు, యాభైమందీ కావచ్చు. అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నోవెల్ సంస్థ తన నెట్‌వేర్ విషయంలో దీనికి మోటుదే అయినా తేటైన పరిష్కారం చూపింది. 1991 నాటి నెట్‌వేర్ 2.2ను 5, 10, 50, 100 మంది వినియోగదారుల పరిమితులతో వేర్వేరు ధరలకు అమ్మారు; అయిదుగురి ప్రతి కొన్న కార్యాలయంలో ఆరో వ్యక్తి అదే సమయంలో లాగిన్ కాబోతే సర్వరే నిరాకరించేది. తర్వాతి నెట్‌వేర్ 3, 4 తరాల్లో ఒకే క్రమసంఖ్య గల ప్రతిని రెండు సర్వర్లలో ఎక్కిస్తే అవి ఒకదాన్నొకటి పసిగట్టి కాపీరైటు ఉల్లంఘన జరిగిందని హెచ్చరికలు పంపేవి. ఈ పద్ధతిలో లెక్క పెట్టే బాధ్యత యంత్రానిది కాబట్టి, కొన్నవాడు ఒప్పంద పత్రం చదవకపోయినా తన హద్దు ఎక్కడుందో అతనికి తెలిసేది.

ఆ బాధ్యత కొనుగోలుదారు మీదికి మళ్లడం మైక్రోసాఫ్ట్ విండోస్ ఎన్‌టీ సర్వర్‌తో మొదలైంది. 1994లో వచ్చిన 3.5 సంచికతో సర్వర్ లైసెన్సు ఒకటి, దాన్ని చేరుకునే హక్కు మరొకటి అయ్యాయి. ఈ రెండోదే క్లయింట్ యాక్సెస్ లైసెన్సు, వాడుకలో క్యాల్. క్యాల్ కంప్యూటరులో ఎక్కించే ప్రోగ్రాము కాదు, కాగితం మీది హక్కు. దాన్ని సర్వర్‌కు ముడిపెడితే ఒకేసారి కలిసే కంప్యూటర్ల సంఖ్యను బట్టి, సీటుకు ముడిపెడితే ఎన్ని సర్వర్లున్నా కంప్యూటరుకొకటి చొప్పున కొనవలసి వచ్చేది. ఒకే సర్వర్ ఉన్నచోట మొదటిది, సర్వర్లు పెరిగినచోట రెండోది లాభం. మొదటి దాన్నుంచి రెండో దానికి ఒక్కసారి మారే వీలుండేది, వెనక్కి వచ్చే వీలుండేది కాదు. ఎన్‌టీలో లెక్కను నమోదు చేసే సేవ ఒకటి ఉండేది గాని, విండోస్ సర్వర్ 2003 నాటికి అది మొదటి నుంచే ఆపివేసి వచ్చేది.

ఆ 2003 సంచికే సీటు స్థానంలో పరికరం, వినియోగదారు అనే రెండు రకాల క్యాల్‌లను ప్రవేశపెట్టింది. మూడు షిఫ్టుల్లో ముప్పైమంది పది కంప్యూటర్లను పంచుకునే ఆసుపత్రికి పది పరికర క్యాల్‌లు చాలు. పదిమందికీ తలా ఒక డెస్క్‌టాప్, ఒక ల్యాప్‌టాప్ ఉన్న ఆడిటరు కార్యాలయానికి పది వినియోగదారు క్యాల్‌లు మేలు. పది కంప్యూటర్ల అభ్యర్థనలను మధ్యలో ఒక యంత్రం పోగు చేసి సర్వర్‌కు ఒక్కటిగా చూపినా, వెనకనున్న పదికీ క్యాల్‌లు కావలసిందే. దీన్ని మల్టీప్లెక్సింగ్ నియమం అంటారు. దూరం నుంచి సర్వర్ తెరపైనే పనిచేసేవారికి వీటికి తోడు మరో రకం క్యాల్ కావాలి. న్యాయవాదికే కొరుకుడు పడని ఇటువంటి షరతులను పదిమంది ఉద్యోగుల యజమాని స్వయంగా అన్వయించుకోవాలని ఆశించడం న్యాయమనిపించదు. పైగా లెక్క తప్పితే ఏమవుతుందో చట్టమూ సూటిగా చెప్పదు. భారత కాపీరైటు చట్టంలో 1995 నుంచి అమల్లో ఉన్న 63బి సెక్షను, అక్రమ ప్రతి అని తెలిసి ప్రోగ్రామును వాడినవారికి ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలుశిక్షను, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానాను నిర్దేశించింది. ఆ సెక్షను మాట్లాడేది ప్రతి గురించి, క్యాల్‌లో ప్రతి అంటూ ఏదీ లేదు.

క్యాల్‌ల గందరగోళానికి మైక్రోసాఫ్టే అంతకుముందే, 1997లో, ఒక విరుగుడు తెచ్చింది. స్మాల్ బిజినెస్ సర్వర్ అనే ఆ కట్టలో సర్వర్, మెయిలు, డేటాబేసు కలిసి వచ్చేవి, ఒకే క్యాల్ అన్నిటికీ వర్తించేది. మొదట 25గా ఉన్న పరిమితి 50కి, 2003 సంచికలో 75కు పెరిగింది. అయితే ఆ సర్వరే నెట్‌వర్కుకు ముఖ్య అధికారిగా ఉండవలసి వచ్చేది, మరో డొమైనుతో, అంటే విడిగా నిర్వహించే మరో నెట్‌వర్కుతో, నమ్మక సంబంధం పెట్టుకునే వీలుండేది కాదు. కార్యాలయం పరిమితి దాటి ఎదిగిన రోజున చౌక కట్ట వదిలి పూర్తి ధరల్లోకి వెళ్లక తప్పేది కాదు. లైనక్సుపై నడిచే సాంబా అనే ఉచిత ప్రోగ్రాము విండోస్ కంప్యూటర్లకు క్యాల్‌లతో పనిలేకుండానే ఫైళ్లు పంచేది గాని, దాన్ని అమర్చగల మనిషి ప్రతి ఊళ్లోనూ దొరికేవాడు కాదు.

2012లో స్మాల్ బిజినెస్ సర్వర్ కట్టకు కొత్త సంచికలు ఉండవని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. దాని స్థానంలో 25 మందికి, 50 పరికరాలకు క్యాల్‌లు అక్కరలేని ఎసెన్షియల్స్ అనే సర్వర్ సంచిక మిగిలింది, మెయిలు మాత్రం నెలవారీ చందాతో ఇంటర్నెట్‌లోకి తరలింది. అంతకు మించిన కార్యాలయాలకు 2016 నుంచి ప్రాసెసర్‌లోని కోర్‌లు, అంటే గణన చేసే భాగాలు, కొలమానమయ్యాయి. సర్వర్‌కు కనీసం 16 కోర్‌ల లైసెన్సు తప్పనిసరి కావడంతో ఎనిమిదే కోర్‌లున్న చిన్న యంత్రానికీ పదహారింటి వెల చెల్లించవలసి వచ్చింది, క్యాల్‌లు అదనం.