విసెంటే బ్లాస్కో ఇబాన్యెజ్

విసెంటే బ్లాస్కో ఇబాన్యెజ్ (1867 జనవరి 29 – 1928 జనవరి 28) స్పెయిన్‌కు చెందిన పాత్రికేయుడు, ప్రచురణకర్త, రిపబ్లికన్ రాజకీయ నాయకుడు, నవలాకారుడు. బయటి ప్రపంచానికి ఆయన నవలలే తెలుసు. సొంత ఊరు వలెన్సియాకు మాత్రం ఆయన ముందు పత్రిక మనిషి, తర్వాతే రచయిత. తొలి నవలల్లో కొన్ని పుట్టింది కూడా పత్రిక కోసమే.

ఆరగాన్ నుంచి వలస వచ్చి కొట్టు పెట్టుకున్న కుటుంబం వారిది. కుర్రతనంలోనే బ్లాస్కో ఇల్లు వదిలి మాడ్రిడ్‌కు పారిపోయి, పేరుమోసిన సీరియల్ రచయిత మాన్యుయెల్ ఫెర్నాండెజ్ ఇ గొంజాలెజ్ దగ్గర రాయసగాడిగా కుదిరాడు. పెద్దాయన చెబుతుంటే రాసిపెట్టడమే పని. కథను ఏ రోజుకారోజు ముందుకు నడిపే విద్య అక్కడే అబ్బి ఉంటుంది. 1888లో వలెన్సియాలో లా పట్టా పుచ్చుకున్నా మనసు వకాలతు మీదికి పోలేదు. 1890లో రాజకీయ గొడవల్లో ఇరుక్కుని పారిస్‌లో తలదాచుకున్నాడు, మరుసటేడు తిరిగొచ్చాడు.

1894 నవంబరులో ఆయన ‘ఎల్ ప్వెబ్లో’ దినపత్రిక మొదలుపెట్టాడు. వారసత్వంగా వచ్చిన సొమ్ము దానికే ఖర్చయింది. తెల్లవార్లూ పత్రిక పని చూసుకుని, మిగిలిన వేళల్లో సీరియల్ రాసేవాడు. ‘లా బరాకా’ 1898లో అలా వచ్చిందే. పుస్తకంగా వేస్తే 700 ప్రతులు కూడా పూర్తిగా అమ్ముడుపోలేదు. జార్జ్ ఎరెల్ ఫ్రెంచిలోకి అనువదించాకే దానికి స్పెయిన్‌లోనూ పేరొచ్చింది.

క్యూబా స్వాతంత్ర్య యుద్ధం ఆయన్ను జైలుకు పంపింది. అప్పటి చట్టం ప్రకారం డబ్బు కట్టగలిగినవాడి కొడుక్కి సైన్యం బెడద తప్పేది, లేనివాడి కొడుకు ఓడ ఎక్కేవాడు. వెళ్తే అందరూ వెళ్లాలి, లేదా యుద్ధం ఆపాలి అని ‘ఎల్ ప్వెబ్లో’ పట్టుబట్టింది. 1896లో వీధుల్లో అల్లర్లు రేగాక బ్లాస్కో ఒక సారా దుకాణం మేడ మీద దాక్కుని, అక్కణ్నుంచి ఇటలీ చేరాడు. దాక్కున్న చోట రాసిన చిన్న కథే తర్వాత ‘లా బరాకా’ అయింది. తిరిగొచ్చాక సైనిక న్యాయస్థానం శిక్ష వేసింది. 1898లో వలెన్సియా ఓటర్లు ఆయన్ను పార్లమెంటుకు పంపారు. దాదాపు పదేళ్లు గెలుస్తూనే ఉన్నాడు. ఆయన వెంట నడిచిన జనానికి ‘బ్లాస్కిస్టు’లన్న పేరే స్థిరపడింది. చర్చి పెత్తనం మీద ఆ వర్గం రాతల్లో మోటుదనం తక్కువేమీ కాదు. పాత మిత్రుడు రోద్రిగో సొరియానో 1903లో విడిపోయి పోటీ పత్రిక పెడితే వీధుల్లో కొట్లాటలే జరిగాయి. ద్వంద్వ యుద్ధాలకూ బ్లాస్కో వెనుదీయలేదు.

అంతకన్నా నిలిచిన పని పుస్తకాలది. ప్రచురణకర్త ఫ్రాన్సిస్కో సెంపెరెతో కలిసి క్రొపోట్కిన్, నీషే, డార్విన్ వంటివారి అనువాదాలను ఒక్క పెసెటా ధరకు అచ్చు వేయించాడు. కూలివాడు కొనగలిగిన ధర అది. ఉపన్యాసాలకంటే ఈ చౌక సంపుటాలే రిపబ్లికన్ భావాలను దూరం తీసుకెళ్లాయనిపిస్తుంది. 1903లో కార్మికుల కోసం ప్రజా విశ్వవిద్యాలయమూ నెలకొంది. 1914 నాటికి సెంపెరెతో నడిపిన ప్రచురణ సంస్థే ప్రొమెతెయోగా మారింది. మార్ద్రూస్ ఫ్రెంచి పాఠం నుంచి వెయ్యిన్నొక్క రాత్రులను ఆ సంస్థకు అనువదించింది స్వయంగా బ్లాస్కోనే.

1909 తర్వాత అర్జెంటీనాలో భూములు తీసుకుని వలెన్సియా రైతులతో రెండు వలస గ్రామాలు నెలకొల్పబోయి అప్పులపాలయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ పక్షాన రాసిన నవల ‘నలుగురు గుర్రపు రౌతులు’ (1916) అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది. 1921లో నటుడు వాలెంటినోతో సినిమాగానూ వచ్చింది. చేతికొచ్చిన డబ్బుతో 1923–24లో ఓడలో ప్రపంచం చుట్టాడు. ఆ యాత్రా గ్రంథంలో భారతదేశమూ ఉంది.

అప్పటికి స్పెయిన్‌లో ప్రీమో దె రివేరా నియంతృత్వం నడుస్తోంది. 1924లో పారిస్ నుంచి రాజు పదమూడో అల్ఫోన్సోను నేరుగా దుయ్యబడుతూ కరపత్రం వెలువరించాడు. దాని ప్రతులు దొంగచాటుగా సరిహద్దు దాటాయి. బ్లాస్కో మళ్లీ స్వదేశంలో అడుగు పెట్టలేదు. 61 నిండడానికి ఒక్క రోజు ముందు ఫ్రాన్స్‌లోని మాంతోన్‌లో చనిపోయాడు. రాజరికం పోయి రిపబ్లిక్ వచ్చాక, 1933 అక్టోబరులో అస్థికలను యుద్ధనౌకలో వలెన్సియాకు తెచ్చారు, జనం పోటెత్తారు. అంతర్యుద్ధం చివర 1939లో ఫ్రాంకో సేనలు నగరంలోకి రావడంతో ‘ఎల్ ప్వెబ్లో’ ఆగిపోయింది.