ఇల్లమ్మువాని మౌనము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన యింటిని కొని చూడుమని మాత్రము వారు చెప్పలేదు. కట్టుకొనువాడు పునాదిలో ఏ రాయి పడినదో, దూలమునకు ఏ కఱ్ఱ వాడినారో కన్నులార చూచును. కొనువానికి కనబడునవి సున్నము వేసిన గోడలే. వాని వెనుక ఏమున్నదో అమ్మువానికి తెలియును. అతడు ఇండ్లు, స్థలములు కొని అమ్ముటయే వృత్తిగా గలవాడైనచో ఇద్దరి తెలివిడికి నడుమనున్న దూరము మఱింత పెరుగును. తెలిసిన దోషమును చెప్పక ఊరకుండుట మోసమగునా, కాదా? ఈ ప్రశ్న వయస్సు రెండువేల యేండ్లకు పైబడినది. దాని చరిత్రను కొంత పరిశీలింతము.

క్రీ. పూ. 44లో రోము రాజనీతిజ్ఞుడు సిసెరో, ఏథెన్సులో చదువుకొనుచున్న తన కుమారుని నుద్దేశించి కర్తవ్యములను గూర్చి ఒక గ్రంథము వ్రాసినాడు. దాని మూడవ భాగములో ఒక కల్పిత గృహము ఉదాహరణగా వచ్చును. ఆ యిల్లు ఆరోగ్యకరమని లోకము నమ్ముచున్నది. నిజమునకు అది రోగములకు పుట్టినిల్లు. పడకగదులలో పాములు తిరుగుచున్నవి. కలప నాసిరకముది, ఇల్లు కూలుటకు సిద్ధముగా నున్నది. ఈ సంగతి యజమానునికి తప్ప ఇతరులకు తెలియదు. అతడు నోరు మెదపక దానిని మంచి ధరకు అమ్మినచో తప్పగునా? ఇద్దరు తత్త్వవేత్తల వాదములను సిసెరో ఎదురెదురుగా నిలిపినాడు. కొనుమని ఎవరును నిర్బంధింపలేదు గదా, తన సొత్తులోని లోపమును తానే చాటించుకొనుట కంటె వెఱ్ఱితనము కలదా అని డయోజినీసు వాదము. దారి తప్పినవానికి దారి చూపకపోవుట వంటిదే ఈ మౌనమని ఆయన శిష్యుడు ఆంటిపేటరు వాదము. సిసెరో శిష్యుని పక్షమే వహించినాడు.

ఆ గ్రంథములోనే సిరక్యూసు నగరపు షరాబు పైథియసు కథ కలదు. కేనియసు అను రోమను పెద్దమనిషి ఒక తోట కొనగోరినాడు. పైథియసు తన తోట అమ్మకమునకు లేదనుచునే అతనిని మఱునాటి విందునకు పిలిచినాడు. జాలరులను రప్పించి, ఆ వేళకు తన తోట యెదుటనే చేపలు పట్టుడని కట్టడి చేసినాడు. అతిథి వచ్చుసరికి పడవలు బారులు తీరినవి. చేపలు తెచ్చి పైథియసు కాళ్ళయెద్ద పోసినారు. ఈ నగరపు చేపలన్నియు ఇచ్చటనే దొరకునని షరాబు చెప్పగా, కేనియసు అడిగిన ధరకే తోటను కొన్నాడు. మఱునాడు ఒక్క పడవయు రాలేదు. నేడు జాలరులకు సెలవా అని పొరుగువానిని అడిగినాడు. ఇక్కడ ఎన్నడును చేపలు పట్టరని, నిన్ననే తనకు వింత తోచినదని అతడు బదులు చెప్పినాడు. అప్పటికింకను ఇట్టి కపటమునకు న్యాయస్థానములో మందు లేదు. సిసెరో మిత్రుడు గాయసు అక్విలియసు తరువాత దానికి ప్రత్యేక వ్యాజ్యవిధానము నేర్పరచినాడు.

అయితే పైథియసు చేసినది నటన. ఏమియు చేయక ఊరకున్నవాని మాట ఏమి? దీనికి సమాధానము మఱొక తగవులో కలదు. రోములో కీలియను కొండపై సెంటుమాలసు అనువానికి ఎత్తైన భవనముండెను. అది తమ చూపునకు అడ్డు వచ్చుచున్నదని, పైభాగములు కూల్చవలసినదని శకునములు చూచు అధికారులు ఆజ్ఞాపించినారు. అతడు ఆ మాట దాచి భవనమును కల్పూర్నియసు అనువానికి అమ్మినాడు. ఆజ్ఞ తిరిగి కొన్నవాని మీదికి వచ్చినది. అతడు కూల్చవలసి వచ్చినది. విచారించిన మార్కసు కేటో, అమ్మునాటికి సంగతి తెలిసియు చెప్పలేదు గావున నష్టమును అమ్మినవాడే భరింపవలెనని తీర్పు చెప్పినాడు. మౌనమునకు వెల కట్టిన తీర్పు ఇది.

మూడవ తగవు మఱింత చిత్రమైనది. సెర్జియసు ఒరాటా తినుటకు పనికివచ్చు ఆలుచిప్పలను పెంచి ధనము గడించినవాడు. పల్లెపట్టు సౌధములకు క్రొత్తరకము స్నానశాలలు అమర్చి లాభమునకు అమ్ముచుండెడివాడు. నేటి మాటలో చెప్పవలెనన్న ఇండ్ల వ్యాపారి. అతడు గ్రాటిడియానసునకు ఒక యిల్లు అమ్మి, కొన్నేండ్ల తరువాత దానిని తానే తిరిగి కొన్నాడు. ఆ యింటిపై పరులకు ఒక హక్కు కలదు; అది పత్రములో చెప్పలేదని ఒరాటా వ్యాజ్యము వేసినాడు. ఒరాటా పక్షమున క్రాససు, ఎదుటి పక్షమున ఆంటోనియసు వాదించినారు. అమ్మిననాడే ఎఱిగినవాడు కొన్ననాడు మోసపోయితినని ఎట్లనగలడు అని ఆంటోనియసు వాదము. చెప్పవలసిన బాధ్యత తెలియనివాని రక్షణకే గాని తెలిసినవాని లాభమునకు గాదన్న మాట.

ఇక మన దేశమునకు వత్తము. కొనువాడే జాగ్రత్తపడవలెనను సూత్రమును ఆంగ్లేయ న్యాయము చిరకాలము పట్టుకొని యుండెను. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టములో ఒక గుఱ్ఱపు ఉదాహరణ కలదు: గుఱ్ఱమునకు జబ్బున్నదని తెలిసియు వేలములో ఊరకున్నవాడు మోసగాడు కాడు. కాని పదియేండ్లకు వచ్చిన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ఇంటికి, భూమికి వేఱు ధర్మము విధించినది. దాని 55వ సెక్షను ప్రకారము, ఆస్తిలో గాని హక్కులో గాని ముఖ్యమైన లోపము తనకు తెలిసి, కొనువానికి తెలియక, సాధారణమైన జాగ్రత్తతో కనిపెట్టరానిదైనచో అమ్మువాడు చెప్పి తీరవలెను. చెప్పకున్నచో మోసమే. గుఱ్ఱము విషయములో గెలిచిన డయోజినీసు ఇంటి విషయములో ఓడినాడు! ఈ చట్టము నాటి మద్రాసు రాజధానిలో 1882 జులై 1 నుండియే అమలునకు వచ్చినది.

ఇందు రెండు మెలికలు కలవు. ఇరుపక్షములు వేఱుగా ఒప్పుకొన్నచో ఈ బాధ్యత తొలగవచ్చును. కావున ఒప్పందములో ఉన్నది ఉన్నట్లుగా కొంటిమని వ్రాసిన పంక్తిని ఒకటికి రెండుసార్లు చదువవలెను. రెండవది, రిజిస్టరయిన తనఖా వంటివి మనకు తెలిసినట్లే చట్టము భావించును. రిజిస్ట్రారు కార్యాలయములో వెదకనివాడు తెలియదనుటకు వీలులేదు.

2016 నాటి స్థిరాస్తి చట్టము వ్యాపారుల మీదనే ప్రత్యేకముగా దృష్టి నిలిపినది. దాని పరిధిలోని నిర్మాణములను, వాటిని అమ్మిపెట్టు ఏజెంట్లను రిజిస్టరు చేయవలెను. అప్పగించిన 5 సంవత్సరముల లోపల కట్టడపు లోపము బయటపడినచో నిర్మాత 30 దినములలో ఉచితముగా సరిచేయవలెను. కాని వ్యాపారి తాను కాపురమున్న పాత యింటిని అమ్మినప్పుడు ఈ రక్షణ లేదు. అప్పుడు మనకు దిక్కు 1882 నాటి పాత సెక్షనే.

ఆ సెక్షనులోనే, అంతగా ఎవరును తలపెట్టని చిన్న వాక్యమొకటి కలదు. ఆస్తిని గూర్చియు హక్కును గూర్చియు కొనువాడు అడిగిన సంబద్ధమైన ప్రశ్నలకు అమ్మువాడు తనకు తెలిసినంతవఱకు సమాధానము చెప్పవలెను. అనగా అడుగుట మన హక్కు. చెప్పుట అతని విధి. గోడలో చెమ్మ వచ్చునా, వానకు నీరు నిలుచునా, పురపాలక సంఘము నుండి నోటీసు లేమైన వచ్చినవా, పొరుగువానితో తగవు కలదా అని బయానా ఈయక మునుపే కాగితముపై వ్రాసి అడిగి, సమాధానము కాగితముపైననే తీసికొనవలెను. మొగమాటమునకు ఇది చోటు కాదు. జీవితకాలపు కూడబెట్టు ఒక్క సంతకముతో చేయిమాఱును. కేనియసు పొరుగువానిని అడిగిన ప్రశ్న మంచిదే. విందు నాడే అడిగియుండవలసినది.