సున్నా శాతం వెనుక చరిత్ర

అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడల్లో పాత పద్ధతిలో డీటీపీ చేయించిన తెలుగు వర్డ్ ఫైలును గ్రంథచౌర్య పరిశీలనకు పెడితే సామ్యం సున్నా అని రావచ్చు. సంతోషించకండి. పేజ్‌మేకర్ కాలంలో స్థిరపడిన అను ఫాంట్లు తెలుగు ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల సంకేతాలపై కూర్చాయి. కంటికి కనిపించేది తెలుగే; కంప్యూటరు చదివేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలను. 1991లోనే యూనికోడ్‌లో తెలుగు చేరినా, ముద్రణకు అలవాటైన అను వాడకం ఆగలేదు. సిద్ధాంత గ్రంథాల్లో 10 శాతం దాటిన సామ్యానికి 2018 యూజీసీ నిబంధనలు శిక్షలు నిర్దేశించాక ఈ సున్నాను నమ్ముకోవడం ప్రమాదమే.

ఫాంటును ఏరియల్‌కు మార్చి చూడండి. ఇంగ్లీషు అక్షరాలు తేలితే, ఫైలును యూనికోడ్‌లోకి మార్పించి మళ్లీ పరిశీలించండి. అప్పటికీ, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉండి ఇంటర్నెట్‌కెక్కని పుస్తకాలు సాఫ్ట్‌వేరుకు తెలియవు. పరీక్షకుడిగా నేను పట్టుకున్న ఎత్తిరాతలు చాలావరకు ఆ పుస్తకాలు చదివి ఉన్నందువల్ల దొరికినవే.