డాక్టరేట్‌కు ఎదురు జీతం: యల్లాప్రగడ నుంచి నార్వే దాకా

మా కండ్లకోయ అంటే తెలుసు కదా, ఓఆర్‌ఆర్ జంక్షన్, చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు. ఇక్కడి ఎంటెక్ పిల్లలు నన్ను తరచూ అడిగేది ఒకటే: "అన్నా, నార్వేలో పీహెచ్‌డీకి ఎన్ని లక్షలు కట్టాలి?" ఈ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే వందేళ్లు వెనక్కి పోవాలి.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్‌కు ఓడెక్కారు. డబ్బులెక్కడివి? కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. మామగారు కొంత కూడగట్టారు. అక్కడికెళ్లాక పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆస్పత్రిలో పోర్టర్ పని. అలా బతుకుతూనే రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించారు. ఆ పద్ధతికి ఇప్పటికీ ఇద్దరి పేర్లే. పీహెచ్‌డీ చేతికొచ్చింది 1930లో. 1948లో అక్కడే కన్నుమూశారు, మళ్లీ మన దేశం చూడలేదు.

అంత గొప్పాయనకే ముందు డబ్బు, తర్వాతే చదువు. ఆ లెక్క మన ఇళ్లలో అలాగే ఉండిపోయింది. ఫారిన్ చదువంటే పొలం అమ్మాలి, లేదా బ్యాంకు లోన్ పెట్టాలి.

నార్వేలో లెక్క వేరే. అక్కడ పీహెచ్‌డీ చేసేవాళ్లను 'స్టిపెండియాట్' అంటారు. వాళ్లు యూనివర్సిటీ ఉద్యోగులు. 1811 నాటి ఓస్లో యూనివర్సిటీ అయినా, ట్రాండ్‌హైమ్‌లోని ఎన్‌టీఎన్‌యూ అయినా ఇదే పద్ధతి. 2003 సంస్కరణలతో పాత డాక్టరేట్ల స్థానంలో పీహెచ్‌డీ అనే డిగ్రీ వచ్చింది. మామూలుగా మూడేళ్లు. పాఠాలు చెప్పే పని కూడా ఉంటే నాలుగు. జీతం ఏడాదికి 5 లక్షల క్రోనర్లకు పైనే. అందులో పన్ను పోతుంది, సెలవులు, పెన్షన్ ఉంటాయి.

మరి ఫీజు మాట ఎందుకొచ్చింది? 2023 నుంచి యూరప్ బయటి విద్యార్థులకు బ్యాచిలర్స్, మాస్టర్స్‌కు ఫీజు పెట్టారు. పీహెచ్‌డీకి పెట్టలేదు. జనం రెండూ కలిపేస్తున్నారు.

ఉద్యోగం కాబట్టి అప్లై చేసేదీ ఉద్యోగానికి చేసినట్టే. జాబ్‌నార్గే అనే సైట్‌లో ప్రకటనలు వస్తాయి. ఒక్కో ప్రకటనలో ఏ ప్రాజెక్టు, ఏ అర్హత, చివరి తేదీ ఎప్పుడు, అన్నీ ఉంటాయి. మాస్టర్స్ తప్పనిసరి, ఉత్త బీటెక్ సాధారణంగా చాలదు. మార్కుల జాబితాలు, మాస్టర్స్ థీసిస్, సీవీ, మన గురించి చెప్పగలిగే ప్రొఫెసర్ల వివరాలు పెట్టాలి. ఇంకా ఒక లేఖ రాయాలి. "నార్వే అందమైన దేశం" అని అందులో రాయకండి. ఆ ప్రాజెక్టులోని సమస్య మీద మీరిప్పటికే ఏం చేశారో రాయండి. నిపుణులు చదివి, కొందరినే ఇంటర్వ్యూకి పిలుస్తారు. చాలాసార్లు ఉండేది ఒకే పోస్టు, పోటీ ప్రపంచం మొత్తంతో. పదిసార్లు 'నో' వచ్చినా ఆశ్చర్యం లేదు.

కానీ అప్లికేషన్‌కు రూపాయి ఫీజు లేదు. "సీటు ఇప్పిస్తాం, ఇంత కట్టండి" అని ఎవరన్నా అంటే అక్కడే లేచి వచ్చేయండి. జీతమిచ్చే చోట సీటు కొనుక్కోవడమేంటి తమ్ముడూ?

సుబ్బారావు గారికి ఈ దారి లేదు. మీకుంది. ఇంట్లో పొలం అమ్ముదామనే మాట రాకముందే ఈ ఎపిసోడ్ అమ్మానాన్నలకు చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.